పాట ముందు, పేరు తర్వాత

తిరుపతి

అమ్మలూ, నాయనలూ,

అన్నమయ్య పాట మొదటిసారి ఎట్లా తెలిసిందో పెద్దవాళ్ళందరినీ అడిగి రికార్డు చేస్తామని, వైశాఖ పున్నమికి, ఆయన జయంతినాడు, అందరికీ వినిపిస్తామని రాశారు. చానా మంచి పని. కానీ మీరు కాగితం మీద రాసుకున్న ప్రశ్నను అట్లాగే అడిగారంటే నూటికి తొంభైమంది చెప్పేది ఒకటే: "చిన్నప్పట్నుంచీ తెలుసులేబ్బా." అంతే, ఇక అడగడానికి ఏమీ మిగలదు.

వాళ్ళు తప్పించుకోవడం కాదు అది. ఈయన విషయంలో పాట ముందు చెవిన పడుతుంది, పేరు ఎప్పటికో వస్తుంది. 'జో అచ్యుతానంద' తీసుకోండి. అందులో 'తాళ్ళపాకన్న' అనే పేరు చివరి చరణంలో ఉంది. ఉయ్యాల ఊపే అవ్వ చివరి చరణందాకా ఎందుకు పాడుతుంది? రెండో చరణానికే బిడ్డ నిద్రపోతుంది, అవ్వ మెల్లగా లేచి పొయ్యికాడికి పోతుంది. పాట నోటికొచ్చినా పేరు చెవిన పడకుండా పెరిగినవాళ్ళు ఇట్లా ఎందరో. 'చందమామ రావో జాబిల్లి రావో' సంగతీ ఇంతే. నోట్లో అన్నం ముద్ద ఉన్నప్పుడు ఇది ఎవరు రాశారని ఏ బిడ్డ అడుగుతుంది?

అందుకని ఒక ప్రశ్నను రెండు చేయండి. పాట ఎప్పుడు చెవిన పడింది? అది అన్నమయ్యదని ఎప్పుడు తెలిసింది? రెండు జవాబుల మధ్య ఒక్కోసారి నలభై ఏళ్ళు ఉంటాయి. మీకు కావలసిన కబుర్లన్నీ ఆ మధ్యలోనే దొరుకుతాయి.

సంవత్సరం అడగొద్దు. ఏళ్ళు ఎవరికీ సరిగ్గా గుర్తుండవు, ఇళ్ళు గుర్తుంటాయి. "అప్పుడు ఏ ఇంట్లో ఉన్నారవ్వా? వింటూ ఏం చేస్తున్నారు? పాట దేంట్లోంచి వినిపించింది?" అని అడిగి నోరు మూసుకోండి. "రేడియోనా, టీవీనా?" అని మీరే అందిస్తే, మర్యాదకు ఏదో ఒకటి అనేస్తారు. జవాబు ఆగిపోయిందనిపించినప్పుడు లోపల అయిదు లెక్కపెట్టండి. అసలు మాట చాలాసార్లు మూడుకీ అయిదుకీ మధ్య వస్తుంది.

చెప్పింది ఏ కాలానికి చెందుతుందో తేల్చడానికి కొన్ని గుర్తులు మీ దగ్గర ఉండాలి. అన్నమయ్య 1503లో పోయాడు. పాటలు చెక్కిన రాగిరేకులు తిరుమల గుడిలోని సంకీర్తన భాండారంలోంచి బయటపడి పరిష్కర్తల చేతికి వచ్చింది 1922 తర్వాత. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివాళ్ళు వాటిని పుస్తకాలకు ఎక్కించారు, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ కొన్నింటికి స్వరాలు కట్టారు. దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు 1978లో మొదలైంది, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ అప్పుడే అందులో చేరారు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి 'బాలాజీ పంచరత్నమాల' రికార్డులు 1980 ప్రాంతానివి. 'అన్నమయ్య' సినిమా 1997. దేవస్థానం వాళ్ళ టీవీ, ఎస్వీబీసీ ఛానల్, 2008. ఎవరైనా "డెబ్బైలో బాలకృష్ణప్రసాద్ క్యాసెట్ విన్నాను" అంటే జ్ఞాపకం కనీసం ఎనిమిదేళ్ళు వెనక్కి జరిగిందన్నమాట. మొహం మీద దిద్దకండి. దిద్దితే తర్వాత నోరు విప్పరు. మీ పుస్తకంలో పక్కన చిన్న చుక్క పెట్టుకుంటే చాలు.

అన్నిటికంటే గట్టి సాక్ష్యం గొంతులో ఉంటుంది. "రెండు లైన్లు పాడండి" అని అడగండి. రేకుల మీద పాట పైన రాగం పేరు ఉంది గానీ, స్వరం లేదు, తాళం లేదు. ఇప్పుడు మనం వింటున్న బాణీలు చాలావరకు గత డెబ్బై ఎనభై ఏళ్ళలో కట్టినవే. కాబట్టి ఎవరి బాణీలో పాడారో తెలిస్తే, ఎవరి నోట విన్నారో దాదాపు తెలిసినట్టే. 'నానాటి బతుకు నాటకము'ను రేవతి రాగంలో అందుకుంటే అది నేదునూరి కృష్ణమూర్తి కట్టిన బాణీ, ఎం.ఎస్. పాడిన దారి. 'వినరో భాగ్యము విష్ణుకథ' మనందరికీ తెలిసిన వరసలో పాడితే అది బాలకృష్ణప్రసాద్‌ది. ఏ క్యాసెట్‌లోనూ లేని వరస, చెక్కభజన ఊపుతో, వినిపించిందా? ఆ రోజుకి ఇంకో ఇంటికి పోవద్దు. అక్కడే కూర్చుని పాట మొత్తం పాడించుకోండి. ఊళ్ళో ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఆ గురువు ఎక్కణ్ణుంచి వచ్చాడో అడగండి. నన్నడిగితే ఇట్లాంటిది ఒక్కటి దొరికినా మీ సెలవులు దండగ కానట్టే.

ఒక చిక్కు ముందే చెబుతాను. "నేను మొదట విన్నది 'తెలుగు పదానికి జన్మదినం'" అనేవాళ్ళు తప్పకుండా ఉంటారు. అది అన్నమయ్య రాసింది కాదు, ఆయన మీద సినిమా కోసం వేటూరి సుందరరామ్మూర్తి రాసింది. (రేకుల పని చేసిన ప్రభాకరశాస్త్రి ఇంటివాడే ఈయన, చూడండి.) అయినా ఆ జవాబును కొట్టేయకండి. ఆయన పేరు మొదట ఆ పాటతోనే తెలిసిందంటే అదీ నిజమే. ఇంకొకటి: చివర 'వేంకటేశ' అని వచ్చినంత మాత్రాన అన్నమయ్యది అని రాసేయొద్దు. కొడుకు పెదతిరుమలాచార్యుడు, మనుమడు చినతిరుమలాచార్యుడు కూడా పాట చివర సంతకంలా ఆ ముద్రే వేశారు.

ఇక రికార్డింగు. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే మంచి మాట మధ్యలో ఎవరో ఫోన్ చేస్తారు. ఫోన్‌ను నేరుగా బల్ల మీద పెడితే గాజుల చప్పుడు, గ్లాసు పెట్టిన చప్పుడు ఉరుములా పడతాయి. నాలుగు మడతల తువ్వాలు మీద, మాట్లాడేవాళ్ళ నోటికి రెండు జానల దూరంలో ఉంచండి. ఫ్యాను ఆపక తప్పదు, కాబట్టి ఎండ ముదరకముందే పొద్దున్నే వెళ్ళండి. కుక్కర్ పొయ్యి మీద ఉంటే దించేదాకా ఆగండి. వేవ్ ఫైల్‌గా, మోనోలో తీస్తే నిమిషానికి అయిదు ఎంబీ దాటుతుంది, అరగంటకు నూటఅరవై. ఖాళీ ఉందో లేదో ముందు చూసుకోండి. మొదలుపెడుతూనే తేదీ, ఊరు, ఎవరు అడుగుతున్నారో చెప్పండి, "రికార్డు చేయొచ్చా, పదిమందికీ వినిపించొచ్చా?" అని అడిగి ఆ ఒప్పుకోలు కూడా రికార్డులో ఉండేట్టు చూడండి. ఎవరూ మాట్లాడని పది సెకన్లు విడిగా తీసుకోండి, తర్వాత రొద తగ్గించడానికి పనికొస్తుంది.

పాత క్యాసెట్ బయటికి తీస్తే ఆత్రపడి ప్లేయర్‌లో దూర్చకండి. ముందు లోపలికి చూడండి. టేపు బయటికి కనిపించే అంచున, మధ్యలో, సన్నటి రాగి పట్టీ మీద ఉండే చిన్న ఉన్ని ముక్క ఊడిపోయి ఉంటే శబ్దం మందంగా, అణిగిపోయినట్టు వస్తుంది. టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే అసలు వేయొద్దు, ఆ బూజు ప్లేయర్ తలకు అంటుకుని తర్వాతి క్యాసెట్‌ను కూడా పాడుచేస్తుంది. బాగుంటే పెన్సిల్ పళ్ళచక్రంలో పెట్టి వదులుగా ఉన్న టేపు బిగించండి. తర్వాత ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్ళీ వెనక్కి తిప్పండి. ఏళ్ళ తరబడి ఒకే చోట అంటుకున్న పొరలు విడిపోతాయి, వెంటనే ప్లే చేస్తే తెగుతాయి. మీద అంచున ఉండే రెండు చిన్న పలుకులు ఇంకా విరక్కుండా ఉంటే, ఇంటివాళ్ళనడిగి విరిచేయండి. అప్పుడు పొరపాటున రికార్డు మీట నొక్కినా పాట చెరిగిపోదు. అట్టపెట్టె మీద అచ్చయిన సంవత్సరాన్ని ఫోటో తీసుకోండి. అది పెద్దవాళ్ళ జ్ఞాపకం కంటే నమ్మకమైనది, కాకపోతే క్యాసెట్ అచ్చయిన ఏడాదే ఇంటికి వచ్చిందని కాదు.

రాసుకునేటప్పుడు పది నిమిషాల మాటకు గంట పడుతుంది, తొందరపడొద్దు. "యాడో గుడికాడ ఇన్న్యా" అంటే అట్లాగే రాయండి, "ఎక్కడో గుడి దగ్గర విన్నాను" అని సాపు చేయకండి. పాట మాట తప్పుగా పాడినా పాడినట్టే రాయాలి. ఒకే తప్పు రెండు ఊళ్ళలో దొరికితే, ఇద్దరికీ ఒకరే నేర్పారేమో అని వెతకొచ్చు.

చేత్తో రాసుకున్న పాటల నోటుబుక్కు చూపిస్తే దాన్ని ఇంటికి ఇమ్మని అడగొద్దు. వసారాలో పొద్దుటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, అట్టతో మొదలుపెట్టి ఖాళీ పేజీలతో సహా వరసగా ఫోటోలు తీసి, వాళ్ళ కళ్ళముందే మూసి చేతికిచ్చి రండి.

మీ తాత