ఇంటి వాకిట్లో కారుకు రంగు: అపోహలు - వాస్తవాలు

వరంగల్‌లో టింకరింగ్, పెయింటింగ్ షెడ్డు నడుపుతున్న ఈ పద్దెనిమిదేళ్లలో, ఇంటి దగ్గర సొంతంగా రంగు వేయడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయి మా దగ్గరికి తెచ్చిన కార్లను చాలానే చూశాను. వాటిలో రంగు కొట్టే స్ప్రే గన్ పట్టడం చేతకాక చెడిపోయినవి తక్కువ. లప్పం తడిసి, నీరు ఆరక, ఎండావానా చూసుకోక చెడిపోయినవే ఎక్కువ. కొత్తగా నేర్చుకునేవారు ఒక డోరుకో, ఫెండరుకో ఇంటి దగ్గర రంగు వేసుకోవడం సాధ్యమే కాబట్టి, వారిలో తరచుగా కనిపించే కొన్ని నమ్మకాలను ఇక్కడ ఒక్కొక్కటిగా పరిశీలిస్తున్నాను.

అపోహ: మంచి గన్ కొంటే సగం పని అయినట్టే.

మా వీధి కుర్రవాడొకడు ఆన్‌లైన్‌లో గన్ తెప్పించుకొని వచ్చి, "అన్నా, గన్ మంచిదైతే సగం పని అయినట్టే గదా" అన్నాడు. గన్ మంచిదే. దానికి గాలి ఎక్కడినుంచి వస్తుందన్నదే అతడు ఆలోచించలేదు. హెచ్‌వీఎల్‌పీ రకం (ఎక్కువ గాలిని తక్కువ ఒత్తిడితో వదిలే) గన్‌లలో చాలావాటికి నిమిషానికి 8 నుంచి 14 ఘనపుటడుగుల గాలి కావాలి. టైర్లకు గాలి కొట్టే ఒక హార్స్‌పవర్ కంప్రెసర్ అందులో సగం ఇవ్వడమే కష్టం. డోరు మొదట్లో నున్నగా పడిన రంగు హ్యాండిల్ దాటేసరికి తుంపర్లు తుంపర్లుగా రాలుతుంది, ఎందుకంటే ట్యాంకులో ఒత్తిడి అప్పటికే పడిపోయి ఉంటుంది. చిన్న కంప్రెసర్ ఉన్నవారు తక్కువ గాలితో నడిచే టచప్ గన్ తీసుకొని, ఒక్కో ప్యానెల్ పూర్తికాగానే ట్యాంకు నిండేదాకా ఆగడం మేలు. గొట్టానికి నీటిని పట్టే ఫిల్టరు తప్పనిసరిగా ఉండాలి. రంగు పొర అయిన బేస్ కోటుకు, దాని మీద మెరుపు కోసం వేసే క్లియర్‌కు 1.3 లేదా 1.4 మిల్లీమీటర్ల నాజిల్, రంగుకు ముందు వేసే ప్రైమర్‌కు 1.7 సరిపోతాయి. గన్‌ను ప్యానెల్‌కు జానెడు కంటే కొంచెం దగ్గరగా, అంటే 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, గన్ నడిచిన ప్రతి వరుస ముందటి వరుసను సగం కప్పేలా నడపాలి.

అపోహ: లప్పాన్ని నీళ్లు పోసి రుద్దితేనే నున్నగా వస్తుంది.

ఈ తప్పు నేర్చుకునేవారిది మాత్రమే కాదు. మా వృత్తిలో చేయి తిరిగినవారు కూడా దుమ్ము లేవకుండా ఉంటుందని ఇప్పటికీ ఇలాగే చేస్తున్నారు, ఒకప్పుడు నేనూ చేశాను. పాలిస్టర్ లప్పం గట్టిపడిన తరువాత కూడా నీటిని పీల్చుకుంటుంది. పైన ప్రైమర్, రంగు, క్లియర్ పడ్డాక ఆ తేమకు బయటికి దారి ఉండదు. దీనికి తోడు మన బోరు నీళ్లలో ఉప్పదనం ఎక్కువ; బకెట్ అంచున, గీజరు లోపల పేరుకొనే తెల్లని పొలుసే ప్యానెల్ మీదా కంటికి కనిపించనంత పలుచగా మిగిలిపోతుంది. ఆ లవణాలు రంగు పొర గుండా తేమను నెమ్మదిగా లోపలికి లాగుతాయి.

ఒక వేసవిలో నేను వెండి రంగు వేసి పంపిన బానెట్ శ్రావణ మాసంలో తిరిగి వచ్చింది. లప్పం పెట్టిన మేర మాత్రమే ఆవగింజలంత పొక్కులు వరుసగా లేచి ఉన్నాయి. గుండుసూదితో ఒకదాన్ని గుచ్చితే బొట్టు నీరు బయటికి వచ్చింది. రంగంతా గీకి, రేకు దాకా వెళ్లి, నా ఖర్చుతోనే మళ్లీ వేసి ఇచ్చాను.

అందువల్ల లప్పాన్ని 80, 180, 320 నంబర్ల గరుకు కాగితాలతో పొడిగానే రుద్దాలి, దుమ్ముకు మాస్కు కట్టుకోవాలి. నీళ్లతో రుద్దే వాటర్ పేపర్ పని పైన ప్రైమర్ పడి పూర్తిగా ఆరాకే మొదలవుతుంది. అప్పుడు 600 లేదా 800 నంబరు వాడి, చివరి కడుగుడుకు బోరు నీళ్లు వదిలి మిషన్ భగీరథ నల్లా నీళ్లు పట్టుకోవడం మంచిది. లప్పంలో దాన్ని గట్టిపరిచే హార్డెనర్ నూటికి రెండు పాళ్లకు మించకూడదు. త్వరగా గట్టిపడుతుందని ఎక్కువ కలిపితే, హార్డెనర్‌లోని పెరాక్సైడ్ మిగిలిపోయి పై రంగులోకి పాకి మరకగా తేలుతుంది.

పాత రంగునంతా రేకు దాకా గీకితేనే కొత్తది పట్టుకుంటుందన్న నమ్మకం కూడా ఇటువంటిదే. ఫ్యాక్టరీ రంగు మొత్తం మందం సాధారణంగా 100 నుంచి 140 మైక్రాన్లు. దాని అట్టడుగున, రేకును ముంచి విద్యుత్తుతో పట్టించి కొలిమిలో కాల్చిన పొర ఒకటి ఉంటుంది. తుప్పును ఆపేది ప్రధానంగా అదే, దాన్ని ఇంటి దగ్గర మళ్లీ సృష్టించలేము. తుప్పు పట్టిన చోట, పొర లేచిన చోట మాత్రమే రేకు దాకా వెళ్లి, మిగతా భాగాన్ని కాగితంతో గరుకు చేస్తే చాలు. తుడవడానికి కిరసనాయిలు వాడేవారున్నారు. అది నూనె పొరను మిగులుస్తుంది. డ్యాష్‌బోర్డు పాలిష్‌లోని సిలికాన్ ఏ కొంచెం అంటినా రంగు దాని చుట్టూ విచ్చుకొని చేప కళ్ల వంటి గుంటలు పడతాయి.

అపోహ: ఎండ ఎంత ఎక్కువగా ఉంటే రంగు అంత బాగా ఆరుతుంది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో నల్లని కారు రేకు 60 డిగ్రీలు దాటుతుంది. రంగును పలుచన చేసే థిన్నర్ గాలిలోనే ఎగిరిపోయి రంగు సగం పొడిగా పడుతుంది, పరుచుకోవడానికి వ్యవధి లేక నారింజ తొక్కలా గరుకుగా మిగులుతుంది. మందంగా వేస్తే ఇంకొక చిక్కు: పైన పొర కట్టుకొని, లోపలి థిన్నర్ దాన్ని చీల్చుకొని వస్తూ సూదిమొనంత రంధ్రాలు చేస్తుంది. నెమ్మదిగా ఆరే థిన్నర్ వాడినా, పని నీడలోనే జరగాలి, కోటుకు కోటుకు మధ్య 10 నుంచి 15 నిమిషాలు ఆగాలి. వానాకాలంలో దీనికి వ్యతిరేకం జరుగుతుంది. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగులైతే ఆరేటప్పుడు ఉపరితలం చల్లబడి గాలిలోని తేమను పట్టుకొని పాలిపోతాయి. ఆ సాయంత్రాల్లో దీపం పెట్టి పనిచేస్తే ఉసిళ్లన్నీ తడి క్లియర్ మీదే వాలుతాయి, రెక్కలు అక్కడే వదులుతాయి.

నా అనుభవంలో కార్తీకం నుంచి సంక్రాంతి దాకా, పొద్దున మంచు విడిచాక పది గంటల నుంచి మూడు గంటల లోపు సమయం అన్నిటికన్నా అనుకూలం. ఏనుమాముల మార్కెట్ దారిలో ఇల్లున్నవారికి మాత్రం అదే పత్తి కాలం కాబట్టి, గాలిలో తేలే దూది పోగులను పరదాలతో ఆపుకోవలసి ఉంటుంది. నేల మీద సాంపి చల్లినట్టు పలుచగా నీళ్లు చల్లితే దుమ్ము అణుగుతుందన్న మాట అపోహ కాదు, నిజమే; మడుగు కట్టేటట్టు పోయకూడదు, అంతే.

అపోహ: ముక్కుకు రుమాలు కట్టుకుంటే చాలు.

ఈ ఒక్క విషయంలో నేను మొహమాటపడను. హార్డెనర్ కలిపే పీయూ (పాలీయూరిథేన్) రంగుల్లో, క్లియర్‌లలో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకు ఒకసారి పడకుండా పోతే, ఆ తరువాత కొద్దిపాటి మోతాదుకే ఆయాసం మొదలవుతుంది, ఆ స్వభావం జీవితాంతం ఉండిపోవచ్చు. వాసన రాలేదు కదా అనుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే వాసన తెలిసే స్థాయికి ముందే అవి హాని చేయగలవు. రుమాలు, తడిగుడ్డ, ఎన్95 మాస్కు ఏదీ ఆ ఆవిరిని ఆపదు. బయటి గాలిని గొట్టం ద్వారా అందించే మాస్కు, గ్లౌజులు, ఒళ్లంతా కప్పే దుస్తులు ఉంటేనే ఆ రంగులు కొట్టాలి. పిల్లలు, పెద్దవాళ్లు తిరిగే ఇంటి వాకిలి ఆ పనికి చోటు కాదు. ఇంటి దగ్గర లప్పం, రుద్దుడు, హార్డెనర్ లేని ప్రైమర్ వరకు చేసుకొని, క్లియర్‌ను మాత్రం స్ప్రే బూత్ (రంగు కొట్టే ప్రత్యేక గది) ఉన్న షెడ్డులో వేయించుకోవడం నేనిచ్చే సలహా. మొత్తం ఇంటి దగ్గరే కావాలంటే హార్డెనర్ లేని ఆక్రిలిక్ రంగు వాడవచ్చు, దానికీ థిన్నర్ ఆవిరిని పట్టే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ మాస్కు ఉండాలి, చుట్టుపక్కల పొయ్యి, దీపారాధన, బీడీ ఉండకూడదు. ఆ రంగుకు పెట్రోలు తగిలితే కరిగిపోతుంది కాబట్టి ట్యాంకు మూత దగ్గర వాడకపోవడమే మంచిది.

అపోహ: షేడ్ కోడ్ (కారు రంగుకు కంపెనీ ఇచ్చిన సంకేతం) తెలిస్తే కొత్త రంగు పాతదానితో కలిసిపోతుంది.

సాదా తెలుపులో చాలావరకు కలుస్తుంది. వెండి రంగులో అల్యూమినియం రేణువులు తడి కోటులో ఒకరకంగా, పొడి కోటులో ఇంకొకరకంగా పడుకుంటాయి కాబట్టి, ఒకే డబ్బాలోని రంగు ఇద్దరి చేతుల్లో రెండు ఛాయలుగా కనిపిస్తుంది. ముందు ఒక రేకు ముక్క మీద వేసి, ఆరాక కారు పక్కన పెట్టి ఎండలో చూసుకోవాలి. రంగే మార్చదలచినవారు ఆర్‌సీలో రంగు నమోదై ఉంటుందని గుర్తుంచుకొని ఆర్‌టీఏ కార్యాలయంలో మార్పు చేయించుకోవాలి. ఈ మధ్య కుర్రవాళ్లు అడుగుతున్న ఆలివ్ పచ్చ రంగు మాత్రం 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 121వ నియమం ప్రకారం రక్షణ శాఖ వాహనాలకే పరిమితం.

రంగు కారితే మొత్తం గీకి మళ్లీ వేయాలన్నది చివరి అపోహ. మా వీధి కుర్రవాడు పుష్య మాసంలో తన పాత కారు డోరుకు ఆక్రిలిక్ తెలుపు వేసుకున్నాడు. హ్యాండిల్ కింద రెండు అంగుళాల మేర రంగు కారింది. తడి గుడ్డతో తుడవబోతుంటే ఆపాను. వారం రోజులు ఆరనిచ్చి, చిన్న చెక్క ముక్కకు 1500 నంబరు కాగితం చుట్టి ఆ గీత మీద మాత్రమే రుద్ది, 2000తో సాపు చేసి, మెరుపు తెచ్చే రబ్బింగ్ కాంపౌండ్ పెట్టాడు. ఇప్పుడు ఆ చోటు చూపించమంటే అతడే ఒక నిమిషం వెతుక్కుంటాడు.