గుడ్డును ఎండకు మోసే బల్లి

జూటోకా వివిపారా అనే పేరులో ఒకే మాట రెండుసార్లు ఉంది: ముందుది గ్రీకులో, తరువాతిది లాటిన్‌లో ‘పిల్లలను కనేది’ అనే చెబుతాయి. తోకను మినహాయిస్తే సుమారు 6 సెంటీమీటర్ల పొడవుండే ఈ గోధుమరంగు బల్లి, ఐర్లండ్ నుంచి జపాన్‌లోని హొక్కైడో వరకు తడి గడ్డినేలల్లోనూ అడవి అంచుల్లోనూ కనిపిస్తుంది. ఉత్తరాన ధ్రువవృత్తాన్ని కూడా దాటుతుంది.

అంత చలిలో గుడ్డును నేలకు అప్పగిస్తే, నేల ఎంత చల్లగా ఉంటే పిండమూ అంత చల్లబడి, ఎదుగుదల మందగించి, క్లుప్తమైన వేసవి ముగిసేలోగా పొదగబడకుండానే మిగిలిపోవచ్చు. కడుపులోనే ఉంచుకుంటే తల్లి దానిని ఎండ ఉన్న చోటికల్లా మోసుకుపోగలదు. పడిపోయిన మానుమీదికెక్కి, పక్కటెముకలను విప్పార్చి, ఒంటిని పలకలా పరచి ఎండకు ఒడ్డిన చూలుబల్లి, గాలి చల్లగా ఉన్నా తన శరీరాన్ని 30 డిగ్రీల దరిదాపులకు తెచ్చుకుంటుంది. మబ్బు కమ్మితే గడ్డి దుబ్బులోకి జారుకొని, తెరిపి ఇవ్వగానే మళ్లీ పైకి వస్తుంది. పాఠాల్లో మనం నేర్పే ‘శీతరక్త జంతువు’ అన్న మాట ఎంత పొరపాటుదో, ఆ క్షణంలో దాని రక్తమే చెబుతుంది.

అయితే మోయడం ఊరకే రాదు. బరువెక్కిన తల్లి పరుగు తగ్గుతుంది. పైగా పిండం పెరిగేకొద్దీ దానికి ప్రాణవాయువు ఎక్కువగా కావాలి, మందపాటి సున్నపు పెంకు దానికి అడ్డు. అందుకే ఇక్కడ పెంకు పలచని పొరగా మిగిలింది. పోషణ మాత్రం చాలావరకు పచ్చసొన నుంచే అందుతుంది. ఆ పారదర్శకమైన పొరలోనే బయటపడిన నల్లని పిల్ల, కాసేపటికి దానిని చించుకొని తన దారిన తాను పోతుంది.

అసలు వింత దక్షిణాన ఉంది. ఫ్రాన్స్, స్పెయిన్ వైపున్న పిరనీస్, కాంటాబ్రియా కొండల్లోనూ, ఆల్ప్స్ దక్షిణ భాగంలోనూ ఉన్న ఇదే జాతి బల్లులు గుడ్లు పెడతాయి! సరీసృపాలను అండోత్పాదకాలు, శిశూత్పాదకాలు అని రెండు గడుల్లో సర్దే ఉపాధ్యాయునికి ఇది చిక్కే. అక్కడ గుడ్డు బయటికొచ్చేనాటికి పిండం దాదాపు మూడోవంతు ఎదిగి ఉంటుంది. ప్రయోగశాలలో ఈ రెండు రకాలనూ జతకట్టిస్తే పుట్టిన ఆడబల్లులు పెద్దవై, ఆ రెంటికీ నడిమి మందం పెంకున్న గుడ్లు పెట్టాయి. వాటిలోని పిండాలు మామూలు గుడ్లలోకన్నా ముదిరి, పుట్టుకకు ఇంకా కొంత దూరంలో ఉన్నాయి.