'ఫిలాసఫీ చదివి ఏం చేస్తావు?': ఈ ప్రశ్న వెనక వందేళ్లకు పైబడిన కథ

డిగ్రీ అడ్మిషన్లు మొదలవగానే ఏదో ఒక ఇంట్లో ఈ మాట వినబడుతుంది. పిల్లల బతుకుతెరువు గురించి పెద్దల టెన్షన్ న్యాయమైనదే. కానీ ఒకప్పుడు ఫిలాసఫీ అంటే మన దగ్గర ఇంత భయం ఉండేది కాదు.

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం వచ్చాక బీఏ పాసవడమే గొప్ప. ఏ సబ్జెక్టుతో పాసైనా సర్కారు కొలువుకో, లా చదువుకో, పంతులు ఉద్యోగానికో దారి దొరికేది. అప్పట్లో విలువ పట్టాది, సబ్జెక్టుది తర్వాత. సర్వేపల్లి రాధాకృష్ణన్ ఫిలాసఫీలో చేరింది కూడా పెద్ద ఆశయంతో కాదంటారు. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది, చదువు ముగించిన బంధువు తన పుస్తకాలు ఇచ్చాడు, అంతే. ఆ పుస్తకాలతో చదివిన ఆయన 1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో అధ్యాపకుడయ్యారు. 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతి, ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్, 1962లో రాష్ట్రపతి.

ఆయన ఒక్కరే అయితే అదృష్టం అనుకోవచ్చు. గుంటూరు జిల్లా సంగం జాగర్లమూడిలో పుట్టిన కొత్త సచ్చిదానందమూర్తి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫిలాసఫీ చెప్పి, యూజీసీ ఉపాధ్యక్షుడి స్థాయికి ఎదిగారు. 2001లో పద్మవిభూషణ్ అందుకున్నారు.

మరి ఎక్కడ తెగింది? స్వాతంత్ర్యం వచ్చాక ప్రాజెక్టులకూ ఫ్యాక్టరీలకూ ఇంజినీర్లు కావలసి వచ్చారు. 1986లో ఎంసెట్ మొదలైంది. తర్వాత ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలు వచ్చాయి. చదువును క్యాంపస్ ప్లేస్‌మెంట్‌తో కొలవడం అలవాటైంది. ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్ఈసీ ఏది తీసుకున్నా ఇంటర్‌లో ఫిలాసఫీ ఊసే ఉండదు. తెలియని సబ్జెక్టును పద్దెనిమిదేళ్ల పిల్లాడు ఎందుకు ఎంచుకుంటాడు?

ఈ మధ్య ఫిలాసఫీ పేరు మళ్లీ వినిపిస్తున్నది సివిల్స్ వల్ల. మెయిన్స్‌లో ఆప్షనల్‌గా తీసుకుంటే 500 మార్కులు. 2013 నుంచి ఎథిక్స్ పేపర్‌కు అందరికీ 250 మార్కులు, అందులో దేశ విదేశాల తత్వవేత్తల ఆలోచనలూ ఉన్నాయి. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో బీటెక్ పిల్లలు జర్మన్ తత్వవేత్త కాంట్‌నూ శంకరాచార్యులనూ నోట్సుల్లో చదువుతున్నారు. సంతోషమే. అయితే నోట్సు బట్టీపట్టడం వేరు, మూడేళ్లు కూర్చుని చదవడం వేరు. ఆ తేడా చెప్పకుండా ఈ డిగ్రీ విలువ గురించి మాట్లాడలేం.

ఫిలాసఫీలో భాగమైన తర్కం క్లాసులో చెప్పే పాత ఉదాహరణే చూడండి. 'కొండ మీద నిప్పుంది' అన్నది ప్రతిజ్ఞ, అంటే రుజువు చేయాల్సిన మాట. 'పొగ ఉంది కాబట్టి' హేతువు, అంటే కారణం. 'ఎక్కడ పొగ ఉంటే అక్కడ నిప్పుంటుంది, వంటింట్లోలాగా' ఉదాహరణ. 'ఈ కొండ మీద అలాంటి పొగే ఉంది' ఉపనయం, అంటే ఆ సూత్రాన్ని ఇక్కడికి అన్వయించడం. 'కాబట్టి నిప్పుంది' నిగమనం, అంటే తేల్చిన మాట. ఇక్కడితో పాఠం అయిపోదు, పరీక్ష మొదలవుతుంది. అది పొగేనా, లేక పొగమంచా? దీన్నే తిప్పి 'నిప్పుంది కాబట్టి పొగ ఉంది' అంటే చెల్లుతుందా? చెల్లదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంటుంది, పొగ ఉండదు. ఎదుటివాడి వాదాన్ని అతనికంటే బాగా చెప్పి, ఆ తర్వాతే ఖండించాలన్నది అక్కడి నియమం. 17వ శతాబ్దంలో ఈ పాఠాన్ని 'తర్కసంగ్రహం' అనే పుస్తకంగా రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే. తర్కమూ వ్యాకరణమూ అన్ని శాస్త్రాలకూ పనికొస్తాయని పెద్దలు ఊరికే అనలేదు. కోర్టులో ప్లీడరుకూ పత్రికలో సబ్ ఎడిటరుకూ రోజూ కావలసింది ఈ పరీక్షే. మందుల ప్రయోగాలను అనుమతించే ఎథిక్స్ కమిటీల్లో తత్వవేత్తను కూడా సభ్యుడిగా తీసుకోవచ్చని మన దేశంలో నిబంధనల్లోనే ఉంది.

ఉద్యోగం మాత్రం పట్టా చూపించగానే రాదు. కాలేజీ టీచింగ్‌కు వెళ్లాలంటే పీజీతో పాటు నెట్, సెట్ లాంటి అర్హత పరీక్షో, పీహెచ్‌డీయో కావాలి, పోస్టులేమో తక్కువ. అందుకే డిగ్రీలో ఫిలాసఫీకి తోడు ఎకనామిక్సో, పొలిటికల్ సైన్సో ఉన్న కాంబినేషన్ తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం. దాని తర్వాత మూడేళ్ల లా చేస్తే ఇంకా మేలు. బీటెక్ అయ్యాక మనసు ఇటు లాగినవాళ్లకు ఆంధ్ర, ఉస్మానియా, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఫిలాసఫీ విభాగాలు ఉన్నాయి. చేరేముందు అక్కడ ఎంతమంది రెగ్యులర్ అధ్యాపకులు ఉన్నారో, ఏయే మూలగ్రంథాలు చదివిస్తున్నారో వెళ్లి అడగండి.