గీత పూడదు, బంగారమే తరుగుతుంది

"అన్నా, పళ్ల పేస్టుతోని మంచిగ రుద్దిన. గీతలు పూడుతయనుకుంటె ఇంకింత మసకబారింది" అంటూ మొన్న నర్సంపేట నుంచి వచ్చిన ఒకామె కొంగు ముడి విప్పి ఉంగరం బల్ల మీద పెట్టింది. భూతద్దంలో చూస్తే ఒక్క పాత గీత చుట్టూ వందల సన్న గీతలు. వరంగల్‌లో నేను కంసాలి పని పట్టి ముప్పై ఏళ్లయింది. నెలకొకరైనా ఇట్లాగే వస్తారు.

అపోహ: మెరుగు పెడితే గీత పూడుతుంది.

పూడదు. పూడ్చడానికి అక్కడ ఏం పోశారు? గీత చుట్టూ ఉన్న బంగారాన్ని గీత అడుగు దాకా అరగదీస్తే గీత కనిపించకుండా పోతుంది, అంతే. మీరు పేస్టుతో చేసినా, నేను మెషిన్ మీద చేసినా జరిగేది ఇదే. లెక్క చూడండి. 4 మిల్లీమీటర్ల వెడల్పు, 6 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న సాదా ఉంగరం. బయటివైపు 0.05 మిల్లీమీటర్లు, అంటే సన్నటి వెంట్రుక మందమంత పొర తీస్తే దాదాపు 200 మిల్లీగ్రాములు పోయినట్టే. నాలుగు గ్రాముల ఉంగరంలో ఇరవయ్యో వంతు.

మెరుగు పెట్టే బఫ్ మెషిన్ డబ్బాలో చేరే పొడిని మేం పారేయం. మా నాన్న కాలంలో దుకాణం ఊడ్చిన దుమ్ము కొనడానికి కూడా మనుషులు వచ్చేవారు. నీళ్లలో కడిగి బంగారం తీసుకునేవారు. ఉట్టి దుమ్ముకు ఎవరైనా డబ్బులిస్తారా? కంసాలి తల్లి బంగారంలోనూ కొంత తీస్తాడని మా మీద సామెత ఉండనే ఉంది, అందుకే ముందే చెప్పేస్తున్నా: ఆ పొడి మీ బంగారమే.

ఇక పేస్టు. అది పళ్ల కోసం చేసింది. పంటి ఎనామిల్ గట్టిదనం మోస్ స్కేలు మీద 5, బంగారానిది 3 లోపే. పేస్టులోని సిలికాను, సుద్దను పన్ను తట్టుకుంటుంది, ఉంగరం తట్టుకోదు. ఇంకో మాట. 2023 ఏప్రిల్ తర్వాత కొన్న హాల్‌మార్క్ నగ మీద అంకెలు, అక్షరాలు కలిపి ఆరింటి హెచ్‌యూఐడీ, అంటే ఆ నగ గుర్తింపు సంఖ్య ఉంటుంది. లేజర్‌తో చాలా పైపైన చెక్కుతారు. రుద్ది రుద్ది అది చెరిగిపోతే, రేపు నగ మార్చుకునే రోజు టెన్షన్ మీకే.

ఒంట్లో బాగాలేకపోతే బంగారం నల్లబడుతుందనేది వట్టి పుకారు. 22 క్యారెట్లలో కలిసిన రాగి, వెండి నల్లబడతాయి, దానికి చెమట, సబ్బు జిడ్డు తోడవుతాయి. ఆ భయంతో నిద్ర మానుకోకండి అక్కా. వన్ గ్రామ్ గోల్డ్‌ను మాత్రం అసలు రుద్దకండి, పూత లేచిపోతుంది.

ఇంటి ముందుకొచ్చి చవకగా మెరుగు పెడతామనే వాళ్ల సంగతి మా ఇంట్లోనే జరిగింది. పరకాలలో మా మేనత్త రెండు తులాల పుస్తెలతాడు వాళ్ల చేతికిచ్చింది. ద్రవరాజంలో, అంటే బంగారాన్ని కరిగించే యాసిడ్‌లో ముంచి తీస్తే తళతళలాడింది. కరిగిన బంగారం ఆ నీళ్లతోపాటే పోయింది. తూకం వేస్తే నాలుగు గ్రాములు తక్కువ. అవుసులోళ్ల, అంటే కంసాలుల ఇంటి ఆడబిడ్డ! సిగ్గుతో ఆరు నెలలు మాకు చెప్పలేదు.

ఇంట్లో చేయదగ్గది ఒక్కటే. గోరువెచ్చని నీళ్లలో కుంకుడు రసం కలిపి, పది నిమిషాలు నానబెట్టి, పసిపిల్లల మెత్తటి బ్రష్‌తో కడిగి, నూలు గుడ్డతో ఒత్తండి. సింకులో కాదు, గిన్నెలో. ముత్యాలు, లక్క నింపిన నగలు నానబెట్టొద్దు. గీతలు పోవు, జిడ్డు పోతుంది. జిడ్డు పోయాక సగం మందికి ఆ గీత గుర్తుకు కూడా రాదు. దుకాణంలో ఇస్తే మీ కళ్ల ముందే తూకం వేయించండి, ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. లోతు లేని గీతైతే అగేట్ అనే నున్నటి గట్టి రాయి బిగించిన పనిముట్టుతో అంచులు నొక్కి సర్దవచ్చేమో అడగండి. దానితో బంగారం పోదు.

నర్సంపేట ఆమె ఉంగరానికి మసక పోయేంత వరకే బఫ్ పట్టాను. పాత గీత లోతుగా ఉంది, అది కూడా తీయాలంటే ఎంత పోతుందో చెప్పాను.

"ఉండనియ్ అన్నా, బోరింగ్ కొట్టంగ పడ్డది" అంది.

తూకం ముందు 4.120 గ్రాములు, తర్వాత 4.085. రెండూ చీటీ మీద రాసిచ్చాను.