లాక్టేట్: కండరం రాసిచ్చే ప్రోనోటు

“జిమ్‌లో చేరిన మర్నాడు మెట్లు దిగలేకపోయాను. లాక్టిక్ యాసిడ్ పేరుకుందని కోచ్ అన్నాడు, నిజమేనా?” అని ఒక పాఠకుడు అడిగారు. కాదు. వ్యాయామం ఆపిన గంటసేపట్లో రక్తంలో లాక్టేట్ (ఒంట్లో లాక్టిక్ ఆమ్లం ఉండే రూపం) దాదాపు మామూలు స్థాయికి దిగిపోతుంది. నొప్పి ముదిరేదేమో మర్నాడు, ఆ మర్నాడు. అలవాటు లేని శ్రమకు కండర పోగుల్లో కలిగే సూక్ష్మ గాయాల ఫలితం అది. అయినా పరీక్షల్లో లాక్టిక్ ఆమ్లమని రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమేగా మనమంతా!

అసలు లాక్టేట్ కథ చేబదులు కథ. ఆక్సిజన్‌తో గ్లూకోజ్‌ను పూర్తిగా మండిస్తే సుమారు 30 ఏటీపీలు (కణం ఖర్చుపెట్టుకునే శక్తి నాణేలు) వస్తాయి, కానీ ఆలస్యం. రేసులో పరుగెత్తే కండరం అంతసేపు ఆగలేదు. గ్లూకోజ్‌ను సగం దారిలో విరిచి 2 ఏటీపీలు చకచకా పుచ్చుకుంటుంది. ఆ పనిలో ఎన్ఏడీ అనే సహాయక అణువు ఎలక్ట్రాన్లతో నిండిపోతుంది. దాన్ని ఖాళీ చేయకపోతే మొత్తం వ్యవహారం ఆగిపోతుంది. అప్పుడు గ్లూకోజ్ విరిగి వచ్చిన పైరువేట్ ఆ ఎలక్ట్రాన్లను తనమీద వేసుకుని లాక్టేట్‌గా మారుతుంది. అదే ప్రోనోటు. రక్తంలో తిరుగుతూ గుండెకు చిక్కితే, గుండె దాన్ని ఇంధనంగా సొమ్ము చేసుకుంటుంది. కాలేయానికి చేరితే, అది 6 ఏటీపీలు ఖర్చుపెట్టి మళ్ళీ గ్లూకోజ్ తయారుచేస్తుంది. కండరం పుచ్చుకున్నది 2, కాలేయం కట్టింది 6! దీనికే కోరీ చక్రమని పేరు.

కేన్సర్ కణానికి ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా చేబదులే ఇష్టం. 1920ల్లో జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్ దీన్ని గమనించి, మైటోకాండ్రియా (కణంలో ఆక్సిజన్‌తో ఇంధనం మండించే పొయ్యిలు) చెడిపోయాయనుకున్నాడు. చాలా కణితుల్లో అవి బాగానే ఉంటాయని తర్వాత తేలింది. విభజనకు శక్తి ఒక్కటే చాలదు, కొత్త కొవ్వులకూ డీఎన్ఏకూ ముడిసరుకు కావాలి. గ్లూకోజ్‌ను పూర్తిగా మండిస్తే అది మిగలదు. లాక్టేట్‌తో పాటు బయటికొచ్చే ప్రోటాన్లు చుట్టుపక్కలను ఆమ్లమయం చేసి, రోగనిరోధక టీ కణాల జోరు తగ్గిస్తాయి. (ఆల్కలైన్ నీళ్ళు తాగితే ఇది విరుగుతుందని అమ్మేవాళ్ళను నమ్మకండి. రక్తపు పీహెచ్‌ను ఊపిరితిత్తులు, కిడ్నీలు 7.4 దగ్గరే కాపాడతాయి.)

ఇంకో విడ్డూరం: కణితిలో గాలి అందని లోపలి కణాలు వదిలిన లాక్టేట్‌ను రక్తనాళం పక్కనున్న కణాలు మండించుకుని, గ్లూకోజ్‌ను లోపలివాటికి మిగులుస్తాయి. లాక్టేట్ లోపలికి వచ్చే ఎంసీటీ1 ద్వారాన్ని మూసే మందును మనుషులపై పరీక్షించారు కూడా. కానీ గుండె, కంటి రెటీనా వాడేదీ ఆ ద్వారమే. తొలిదశ పరీక్షల్లో కొందరి రెటీనా పనితీరులో మార్పులు కనిపించాయి.