చల్లటి డీజిల్ ఇంజన్ మొరాయిస్తే గమనించాల్సింది పొగ

పెట్రోలు ఇంజన్‌లో మంట పుట్టించడానికి స్పార్క్ ప్లగ్ ఉంటుంది. డీజిల్ ఇంజన్‌లో ఆ పని గాలే చేయాలి. పిస్టన్ పైకి లేచి గాలిని 16 నుంచి 22 రెట్లు కుదిస్తుంది. ఆ కుదింపులో పుట్టిన వేడికి, ఇంజెక్టర్ చిమ్మిన డీజిల్ తనంతట తానే అంటుకోవాలి. రాత్రంతా ఆగి ఉన్న బండి పొద్దున్న మొరాయించి, వేడెక్కాక మాత్రం సెల్ఫ్ కొట్టగానే అందుకుంటోందంటే తేల్చుకోవాల్సింది ఒక్కటే: లోపల వేడి చాలడం లేదా, లేక వేడి ఉన్నా డీజిల్ సమయానికి అందడం లేదా? ఇది తేలకుండానే కొత్త గ్లో ప్లగ్‌లు (స్టార్టింగ్ కోసం సిలిండర్ లోపల వేడి పుట్టించే కరెంటు ప్లగ్‌లు) కొనేసేవాళ్లు చాలామంది. ఎక్కువ సందర్భాల్లో అది దండగ ఖర్చు.

వేడి సంగతి ముందు లెక్కలో చూద్దాం. కుదింపు నిష్పత్తి 18 అనుకుంటే, 27 డిగ్రీల సెల్సియస్ గాలి, వేడి ఏమాత్రం బయటికి పోకపోతే, దాదాపు 680 డిగ్రీలకు చేరుతుంది. 0 డిగ్రీల గాలి 595 దగ్గర ఆగిపోతుంది. అంటే లోపలికి వచ్చే గాలి ఒక డిగ్రీ తగ్గితే, కుదింపు చివర మూడు డిగ్రీలు తగ్గుతాయి. అయినా అసలు దెబ్బ ఇది కాదు. చల్లటి సిలిండర్ గోడలు వేడిని పీల్చేస్తాయి. పిస్టన్ రింగుల సందుల్లోంచి కొంత గాలి జారిపోతుంది. ఇంజన్ ఎంత నెమ్మదిగా తిరిగితే ఈ రెండు నష్టాలకూ అంత వ్యవధి దొరుకుతుంది. వాటినీ కలిపితే 0 డిగ్రీల గాలి 300 డిగ్రీలైనా అందుకోకపోవచ్చు. డీజిల్ 210 డిగ్రీల ప్రాంతంలోనే స్వతహాగా అంటుకోగలదు కదా అనిపిస్తుంది. నిజమే, కానీ తుంపర ఆవిరై, గాలిలో కలిసి, మండడానికి సిలిండర్‌లో దొరికే సమయం సెకనులో ఒకటి రెండు వందో వంతులే. అంత తక్కువ వేడికి ఆ సమయం సరిపోదు.

ఈ లోపంతో ఇంకో చిక్కుంది. ఇంజన్ ఒకసారి అందుకుందంటే ఆ రోజుకు పరీక్ష అయిపోయినట్టే. మళ్లీ పూర్తిగా చల్లబడడానికి రాత్రంతా ఆగాలి. అందుకే తాళం తిప్పకముందే మీటర్లు తగిలించి, సైలెన్సర్ దగ్గర ఒక మనిషిని నిలబెట్టాలి. వర్క్‌షాప్‌కు నడుపుకుంటూ తీసుకెళ్లిన బండిలో ఈ లోపం కనపడదు. ముందు రోజు సాయంత్రమే అక్కడ వదిలి రావాలి.

మొదట బ్యాటరీ. రాత్రంతా ఆగిన 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 వోల్టులు చూపిస్తుంది, 12.2 అంటే సగమే మిగిలిందని అర్థం. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీనో, బిగుసుకుంటున్న సెల్ఫ్ మోటారునో అనుమానించాలి. అదే సమయంలో బ్యాటరీ నెగటివ్ పోలుకూ ఇంజన్ బ్లాకుకూ మధ్య వోల్టేజ్ చూడండి. 0.3 వోల్టులు దాటితే ఎర్త్ వైరు చివర్లు తుప్పుపట్టి ఉంటాయి. బండి కంప్యూటర్ రీడింగ్‌లు చూపే స్కానర్ ఉంటే క్రాంకింగ్ వేగం (సెల్ఫ్ ఇంజన్‌ను తిప్పే వేగం) అంకెల్లోనే తెలుస్తుంది. సాధారణంగా నిమిషానికి 150 నుంచి 250 చుట్లు ఉండాలి, 100 దగ్గర మూలుగుతుంటే మిగతా పరీక్షలన్నీ పక్కనపెట్టి ముందు దీన్ని సరిచేయాలి. గడ్డకట్టే చలిలో బ్యాటరీ బలం తగ్గుతుంది, ఆయిల్ చిక్కబడి ఇంజన్ బరువుగా తిరుగుతుంది. తయారీదారు పలుచటి 5డబ్ల్యూ-30 ఆయిల్ చెప్పినచోట చిక్కటి 20డబ్ల్యూ-50 పోస్తే ఆ బరువు మరీ పెరుగుతుంది. ఏ పరీక్షలోనైనా 10, 15 సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టకూడదు. నిమిషమైనా చల్లారనివ్వాలి.

వేగం బాగానే ఉంటే ఇక పొగ చూడాలి. సెల్ఫ్ తిరుగుతుంటే సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ, ఘాటైన డీజిల్ వాసనతో వస్తోందా? అయితే డీజిల్ సిలిండర్ దాకా చేరుతోంది, మండడం లేదు. ఆ తెలుపంతా ఆవిరైన డీజిలే. గ్లో ప్లగ్, కంప్రెషన్ (గాలి కుదింపు), ఇంజెక్షన్ టైమింగ్ (డీజిల్ చిమ్మే సమయం) వైపు చూడాలి. పొగ అసలే లేదా? డీజిల్ అందడం లేదు. గాలి పట్టిన లైను, ఫిల్టర్, పంపు, రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు డీజిల్ అందించే గొట్టంలోని ఒత్తిడి) వైపు వెళ్లాలి. ఇంత చిన్న పరిశీలనతో అనుమానితుల జాబితా సగానికి తగ్గిపోతుంది. ఇంజన్ అందుకుని అర నిమిషం పాటు తెల్లగా పొగ వదులుతూ కుంటుతూ ఊగి, తర్వాత సర్దుకుంటే ఒకటో రెండో సిలిండర్లు చల్లగా ఉండి మండడం లేదన్నమాట. తెల్ల పొగ తియ్యటి వాసన వేస్తూ, కూలెంట్ కూడా తగ్గుతుంటే అది హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) వ్యవహారం.

గ్లో ప్లగ్‌ను నిందించే ముందు ఇంజన్ రకం తెలుసుకోవాలి. పాతకాలపు స్విర్ల్ ఛాంబర్ ఇంజన్లలో డీజిల్ చిన్న గదిలోకి చిమ్ముతుంది. ఆ గది గోడలు చాలా వేడి లాగేస్తాయి కాబట్టి వాతావరణం ఓ మోస్తరుగా ఉన్నా ప్లగ్ లేనిదే అందుకోవు. నేరుగా పిస్టన్ మీద చిమ్మే ఇప్పటి ఇంజన్లు 0 కంటే కొన్ని డిగ్రీలు పైన ఉంటే ప్లగ్‌లు లేకున్నా చాలావరకు స్టార్టవుతాయి. కాబట్టి 20 డిగ్రీల పూట ఇలాంటి ఇంజన్ మొరాయిస్తే నేరం గ్లో ప్లగ్ మీద వేయడం తొందరపాటు.

డ్యాష్‌బోర్డు మీది తీగచుట్ట ఆకారపు గ్లో ప్లగ్ గుర్తు వెలిగి ఆరినంత మాత్రాన ప్లగ్‌లు పనిచేస్తున్నట్టు కాదు, కంట్రోలర్ సమయం లెక్కపెట్టినట్టు అంతే. ప్లగ్ కనెక్షన్ పీకి, దాని కొనకూ ఇంజన్ బాడీకీ మధ్య మల్టీమీటర్ పెడితే 12 వోల్టుల రకానికి సాధారణంగా 0.5 నుంచి 2 ఓమ్‌ల లోపు రావాలి. మీటర్ వైర్ల సొంత నిరోధం అందులోంచి తీసేయడం మరవొద్దు. రీడింగ్ అనంతం వస్తే లోపలి చుట్ట తెగినట్టే. ఇంతకంటే నమ్మకమైనది సరఫరా వైరు మీద డీసీ క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచేది). ప్లగ్ ఒక్కోటి వేడెక్కాక 10 ఆంపియర్ల చొప్పున లాగే నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో 40 బదులు 30 కనిపిస్తే ఒకటి పోయింది, ఏమీ లేకపోతే రిలే లేదా ఫ్యూజ్ పోయింది. కొత్త ఇంజన్లలోని 4 నుంచి 7 వోల్టుల ప్లగ్‌లకు మాత్రం నేరుగా బ్యాటరీ తగిలించకండి, సెకన్లలో కాలిపోతాయి. ఇప్పేటప్పుడు ఇంజన్ వేడిగా ఉండాలి, మర దగ్గర తుప్పు వదిలించే నూనె ముందే వేసి నాననివ్వాలి. 8 మిల్లీమీటర్ల మర ఉన్న ప్లగ్ 20 న్యూటన్ మీటర్లకే విరగొచ్చు, 10 మిల్లీమీటర్లది 35కు. విరిగితే ముక్క తీయడానికి హెడ్ దించాల్సి రావచ్చు.

ప్లగ్‌లు బాగానే ఉండీ వాటికి కరెంటు రాని సందర్భం ఒకటుంది. కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ చెడిపోయి, పొద్దున్నే 80 డిగ్రీలు ఉందని చెబితే ఈసీయూ (ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్) అది నమ్మి ప్లగ్‌లను వెలిగించదు, స్టార్టింగ్‌కు ఇవ్వాల్సిన అదనపు డీజిలూ ఇవ్వదు. చల్లటి ఇంజన్‌లో స్కానర్ చూపే కూలెంట్, లోపలికి వచ్చే గాలి, బయటి వాతావరణం ఉష్ణోగ్రతలు మూడూ కొద్ది డిగ్రీల తేడాలోనే ఉండాలి. తాళం ఆన్ చేసిన ఒక్క నిమిషంలో తేలిపోయే ఈ పరీక్షను చాలామంది చేయనే చేయరు.

పొగ రాని బండిలో మొదటి అనుమానం గాలి. ఆగి ఉన్నప్పుడు ఎక్కడో సన్నని సందులోంచి గాలి దూరి, లైనులోని డీజిల్ మెల్లగా ట్యాంకులోకి దిగిపోతుంది. ఆ సందు డీజిల్ బయటికి కారేంత పెద్దది కానక్కర్లేదు కాబట్టి తడి కనిపించదు. ఫిల్టర్ సీలు, నీళ్లు వదిలే మరప్లగ్, మిగులు డీజిల్‌ను వెనక్కి పంపే రిటర్న్ పైపులు పగలడం, పట్టువదిలిన క్లిప్పులు మామూలు దోషులు. లైనులోకి డీజిల్ ఎక్కించడానికి చేత్తో నొక్కే ప్రైమర్ ఉంటే పొద్దున్నే నొక్కి చూడండి. మెత్తగా ఉండి పది పదిహేను నొక్కులకు గట్టిపడి, ఆ వెంటనే ఇంజన్ అందుకుంటే దొంగ దొరికినట్టే. ఏ జాయింటో తేల్చడానికి ఫిల్టర్‌కు ముందూ వెనకా పారదర్శకమైన గొట్టం ముక్క వేసి, బుడగలు ఎక్కడ మొదలవుతున్నాయో చూడాలి. బండి ముందు భాగం పల్లానికి పెట్టి ఆపిన రోజు సులువుగా స్టార్టయి, ఎత్తుకు పెట్టిన రోజు మొరాయించడం కూడా ఇదే లోపం లక్షణం. తీవ్రమైన చలిలో డీజిల్‌లోని మైనం గడ్డకట్టి ఫిల్టర్ మూసుకుపోవచ్చు. అప్పుడు చేయాల్సింది ఫిల్టర్‌ను వెచ్చబరచి, చలికాలపు డీజిల్ నింపడం. కిరోసిన్ కలిపితే జారుడు గుణం తగ్గి కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే) ఇంజన్ల పంపు అరిగిపోతుంది.

కామన్ రైల్ ఇంజన్‌లో క్రాంకింగ్ సమయానికి రైల్ ప్రెషర్ ఒక కనీస స్థాయి దాటాలి. చాలావాటిలో అది 200, 300 బార్ మధ్య ఉంటుంది. దాటకపోతే ఈసీయూ ఇంజెక్టర్లను తెరవనే తెరవదు. ప్రెషర్ నెమ్మదిగా ఎక్కి కిందే ఆగిపోతుంటే ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్‌కు ఒక్కో సీసా తగిలించి సెల్ఫ్ కొట్టండి. మిగతావాటికంటే ఏది బాగా ఎక్కువ డీజిల్ వెనక్కి వదులుతోందో అదే ప్రెషర్ తినేస్తోంది. అన్నీ సమానంగా తక్కువే వదులుతుంటే చూపు పంపు వైపు, ప్రెషర్ వాల్వు వైపు మళ్లాలి. పాత పంపుల మీద అలవాటైనట్టు హై ప్రెషర్ పైపు నట్టు వదులుచేసి చూడడం ఇక్కడ ప్రాణాంతకం. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

స్టార్టింగ్ కోసం ఇంజన్‌లోకి చిమ్మే ఈథర్ స్ప్రే జోలికి వెళ్లొద్దు. వేడెక్కిన గ్లో ప్లగ్ తగిలి అది పిస్టన్ పైకి చేరకముందే పేలుతుంది. రింగులు, పిస్టన్ అంచులు విరిగిన ఇంజన్లు ఉన్నాయి.

ఇవన్నీ సరిగ్గా ఉండి తెల్ల పొగ మాత్రం ఆగకపోతే మిగిలింది కంప్రెషన్. గ్లో ప్లగ్ రంధ్రంలో డీజిల్‌కు పనికొచ్చే గేజ్ బిగించి చూడాలి, పెట్రోలు గేజ్ ఈ ఒత్తిడికి ఆగదు. చాలా ఇంజన్లకు 20 బార్ కంటే తక్కువ వస్తే, లేదా సిలిండర్ల మధ్య తేడా 5 బార్ దాటితే అనుమానించాలి, కచ్చితమైన అంకె ఆ ఇంజన్ మాన్యువల్‌లో ఉంటుంది. తక్కువ వచ్చిందని వెంటనే ఇంజన్ విప్పేయకండి. ట్యాపెట్ క్లియరెన్స్ (వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు) సర్దే ఇంజనైతే ముందు దాన్ని కొలవండి. సందు బొత్తిగా లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ జారిపోతుంది, అదృష్టం బాగుంటే సరిచేయడానికి సందు కొలిచే ఒక ఫీలర్ గేజ్, ఒక స్పానర్ చాలు.