ఆర్ట్ మ్యూజియం మనలాంటి వాళ్ళకి కాదా? అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఒక చిన్న సమకాలీన కళా మ్యూజియంలో, అంటే ఈ కాలపు ఆర్టిస్టుల పనులు పెట్టే చోట, పనిచేస్తాను. బొమ్మలు గోడకెక్కించే పని వేరేవాళ్ళది, వాటి ముందుకి మనుషుల్ని రప్పించే పని నాది. స్కూళ్ళు, కాలనీ సంఘాలు, మహిళా పొదుపు సంఘాలు, అంధ విద్యార్థుల హాస్టళ్ళు, ఇలా అందరికీ ఫోన్లు చేసేది కమ్యూనిటీ ప్రోగ్రామ్‌లు నడిపే మా విభాగమే. అవతలి నుంచి ఎప్పుడూ వచ్చే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: “మాకు ఆర్ట్ అర్థం కాదండీ.”

ఇలా అనేవాళ్ళు లోపలికి రాగానే బొమ్మ కన్నా ముందు పక్కనున్న లేబుల్ చదువుతారు. అందులో “అస్తిత్వ వేదన”, “అంతరాళ సంభాషణ” లాంటి మాటలు చూసి, మనవల్ల కాదని ముందుకి కదిలిపోతారు. తప్పు చూసేవాళ్ళది కాదు, లేబుల్ రాసినవాళ్ళది. స్కూలు పిల్లలు వస్తే మేం హాలంతా తిప్పం. రెండు మూడు బొమ్మల ముందు కింద కూర్చోబెడతాం. “ఏం అర్థమైంది?” అని అడగం, “ఏమేం కనిపిస్తున్నాయి?” అని అడుగుతాం. చిత్రకారుడు తోట వైకుంఠం బొమ్మైతే ముందు చిలక అంటారు, తర్వాత బొట్టు ఎంత పెద్దదో చెప్తారు. కాసేపటికి ఎవరో ఒకరు “మా నానమ్మ కూడా ఇట్లనే పెట్టుకుంటది” అంటారు. ఇంకొకరు “మరి మొహం అంత నల్లగా ఎందుకేశారు, టీవీలో అట్ల చూపించరు కదా?” అని అడుగుతారు. అసలు క్లాసు అక్కడ మొదలవుతుంది. కరీంనగర్ వైపు బూరుగుపల్లిలో పుట్టి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్న మనిషి తిరిగి తన ఊరి ఆడవాళ్ళనే ఎందుకు గీశాడో అప్పుడు చెబితే వింటారు. ముందే చెబితే ఆవలిస్తారు.

అపోహ: “ఇది మా బాబు కూడా గీస్తాడు. అయినా ఆర్టిస్టే గీశాడా, పక్కనోళ్ళతో గీయించాడా?”

పక్కనోళ్ళతో గీయించినా ఆర్టే కావచ్చు. అమెరికాలో మాసచూసెట్స్ రాష్ట్రంలో నార్త్ ఆడమ్స్ అనే చిన్న ఊరుంది. ఊరికి అన్నం పెట్టిన ఎలక్ట్రికల్ ఫ్యాక్టరీ 1980లలో మూతపడితే, 1999లో ఆ షెడ్లలోనే మాస్ మోకా అనే సమకాలీన కళా మ్యూజియం తెరిచారు. అక్కడ 2008 నుంచి అమెరికన్ ఆర్టిస్టు సోల్ లెవిట్ గోడ బొమ్మలు 105 ఉన్నాయి. ఆయన 2007లోనే చనిపోయారు. ఆయన రాసిపెట్టిన సూచనల్ని బట్టి అనుభవమున్న చిత్రకారులు, విద్యార్థులు కలిసి నెలల తరబడి ఆ గోడలు నింపారు. మీ బాబు విషయానికొస్తే, పంపించండి. మా దగ్గర కాగితాలకేం కొదవలేదు.

అపోహ: “జానపద కళ వేరు, సమకాలీన కళ వేరు.”

నాకు బాగా కోపం తెప్పించే మాట ఇది. భోపాల్‌లో 1982లో భారత్ భవన్ అనే కళా కేంద్రం మొదలైంది. ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా కట్టిన భవనం. అందులోని రూపాంకర్ మ్యూజియం బాధ్యత చిత్రకారుడు జె. స్వామినాథన్ తీసుకున్నారు. కుర్ర ఆర్టిస్టుల్ని గిరిజన గ్రామాలకి పంపి, అక్కడ దొరికిన పనిని నగరాల చిత్రకారుల పనికి సమానంగా పెట్టారు. అలా పాటన్‌గఢ్ అనే గోండు గ్రామంలో గోడ మీద గీసిన బొమ్మ ద్వారా కంటపడిన కుర్రాడు జంగఢ్ సింగ్ శ్యామ్. 1989 నాటికి అతని బొమ్మలు పారిస్‌లో పెద్ద ప్రదర్శనలో ఉన్నాయి. భీలు తెగ మహిళ భూరీ బాయి అదే భారత్ భవన్ కట్టేటప్పుడు కూలి పనికి వచ్చింది. మీ ఊళ్ళో గోడల మీద వేసే బొమ్మలు కాగితం మీద వెయ్యమని స్వామినాథన్ అడిగారు. రంగులు నూరుకోకుండా రెడీగా దొరుకుతాయని ఆవిడకి అప్పుడే తెలిసింది. 2021లో పద్మశ్రీ వచ్చింది. ఇటుకలు మోసే మనిషిని అడగాలని తట్టడమే నా దృష్టిలో కమ్యూనిటీ ప్రోగ్రామ్.

మన చేర్యాల పటం సంగతే తీసుకోండి. గుడ్డకి గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల పిండి, జిగురు కలిపి పూసి, ఆరాక వెనక ఎర్ర రంగు వేసి కథ గీస్తారు. అది గదిలో అలంకారానికి పుట్టింది కాదు. కథ చెప్పేవాళ్ళు చుట్టిన పటాన్ని విప్పుకుంటూ, ఒక్కో గడి చూపిస్తూ, రాత్రంతా పాడటానికి పుట్టింది. దాన్ని నిలువునా వేలాడదీసి లైటు వేస్తే మొత్తం ఒకేసారి కనిపిస్తుంది, కథ మాత్రం వినపడదు. అందుకే పటం పెట్టినప్పుడల్లా కథకుల్ని కూడా పిలవాలని నేను పట్టుబడతాను. బడ్జెట్ మీటింగ్‌లో మొదట కోత పడేది కూడా ఆ ఖర్చుకే.

అపోహ: “కమ్యూనిటీ ప్రోగ్రామ్ అంటే ఫ్రీగా నడిపే సమ్మర్ క్యాంపే కదా.”

సమ్మర్ క్యాంపులు మేమూ పెడతాం, కాదనను. కానీ అంతర్జాతీయ మ్యూజియంల మండలి 2022లో ప్రాగ్‌లో ఆమోదించిన ‘మ్యూజియం అంటే ఏమిటి’ అనే నిర్వచనంలోనే సమాజాల భాగస్వామ్యం ఉండాలని రాసుకున్నారు. భాగస్వామ్యం అంటే వచ్చి చూసి ఫొటో దిగి పోవడం కాదు. పొదుపు సంఘం వాళ్ళు వర్క్‌షాప్‌కి వస్తే ఆ రోజు కూలి పోతుంది. కాబట్టి దారి ఖర్చులు, భోజనం, నేర్పించేది వాళ్ళే అయితే ఆర్టిస్టుకిచ్చినట్టే ఫీజు ఇవ్వాలి. “మీకు ఎక్స్‌పోజర్ వస్తుంది” అని సరిపెట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇంకో మాట, సంఘాల్ని పిలిచే టైమ్ మన ఆఫీసు టైమ్ కాకూడదు. మధ్యాహ్నం మూడింటికి పిల్లలు స్కూలు నుంచి వచ్చేస్తారు, నీళ్ళు వచ్చే టైమ్ అవుతుంది.

అపోహ: “కరెంటు ఆదా కోసం బొమ్మల్ని చీకట్లో పెడతారు.”

కాదు. కాగితం, గుడ్డ మీద పనులకి వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలత) దాటకుండా చూస్తాం. వెలుతురుకి వెలిసిన రంగు మళ్ళీ రాదు.

అపోహ: “ముట్టుకోనివ్వరు కాబట్టి చూపులేనివాళ్ళకి అక్కడేం పని?”

చేతి చెమటలోని ఉప్పు, జిడ్డు బొమ్మల్ని పాడుచేస్తాయి, అది నిజమే. కానీ తాకి చూడటానికే నమూనాలు చేయించవచ్చు. ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో ‘అనుభవ్’ గ్యాలరీ అలా పెట్టిందే. మా దగ్గర ఉన్నవి కొద్దిపాటి నమూనాలే, అందుకే హాస్టల్ వాళ్ళు వచ్చే రోజు ముందుగా చెప్పమంటాం. చేర్యాల మాస్కులు బల్ల మీద పెడితే వాళ్ళ వేళ్ళు ముందు ముక్కు దగ్గరికి పోతాయి. తర్వాత వాసన చూస్తారు. చింతగింజ పిండి, రంపపు పొట్టు కలిపి చేశారని చెప్పకముందే “ఇది కర్ర కాదు కదా మేడమ్?” అని అడుగుతారు.